1,864 మలుపుల దారిలో మేం చూసింది, మమ్మల్ని మేం చూసుకున్నది



పోయిన చలికాలం ఒకే హాస్టల్లో చదివిన మేం నలుగురం థాయిలాండ్ వెళ్ళొచ్చాం. రెండేళ్ళు చీటీ కట్టుకున్న డబ్బులు. బీచ్‌లకి కాదు, ఉత్తరాన ఉన్న కొండలకి. చియాంగ్ మాయ్ నుంచి పాయ్, మే హాంగ్ సన్, మే సరియాంగ్ చుట్టి తిరిగొచ్చే దారి సుమారు 600 కిలోమీటర్లు. అందులో 1,864 మలుపులు ఉన్నాయంటారు. పాడేరు ఘాట్‌లో బండి నేర్చుకున్నోళ్ళం, ఇదెంత అనుకున్నాం.

ముందు కాగితాల సంగతి, వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలి. ఆర్టీఓ ఆఫీసులో ఫారం 4ఏ ఇచ్చి, 1,000 రూపాయలు కడితే ఏడాదికి ఇస్తారు. టూ వీలర్ నడపాలంటే దాని మీద టూ వీలర్ ముద్ర కూడా ఉండాలి, చూసుకోండి. బండి అద్దెకిచ్చినాయన "ఏ కాగితమూ అక్కర్లేదు, పాస్‌పోర్ట్ ఇచ్చి వెళ్ళండి" అన్నాడు. మేం పాస్‌పోర్ట్ ఇవ్వలేదు, జిరాక్సు, కొంత డిపాజిట్ ఇచ్చాం. దారిలో పోలీసులు ఆపి పర్మిటే అడిగారు.

పాయ్ దాటాక దారి బాగా ఎక్కుతుంది. పైన వ్యూ పాయింట్ దగ్గర లీసు తెగ ఆడవాళ్ళు రంగురంగుల బట్టలు కట్టుకుని సంచులు, పూసలు అమ్ముతున్నారు. మాలో ఒకడు ఫోన్ తీసి ఒక ముసలామెను ఫోటో కొట్టేశాడు. అడగలేదు. ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది.

ఆ తిప్పుకోవడం మాకు బాగా తెలుసు. అరకు వచ్చే టూరిస్టులు సంతలో మా అమ్మమ్మల మొహాల మీదకి కెమెరా పెడితే వాళ్ళూ అలాగే తిప్పుకుంటారు. చిన్నప్పుడు ఆ టూరిస్టుల మీద మేం ఎంత కోపం పెట్టుకున్నామో! ఇప్పుడు ఆ ఫోన్ మా చేతిలో ఉంది. ఎవరం ఏమీ మాట్లాడలేదు, బండ్లు ఎక్కేశాం.

దిగుడులో బ్రేకు వదలకుండా పట్టుకునే వచ్చాం. కాసేపటికి మాడు వాసన. బ్రేకు నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. ఎలాగో పక్కకి తీసి ఆపాం, కాళ్ళు వణికాయి. మా ఘాట్ గర్వం అక్కడే దిగింది. కొంతసేపటికి ఒక పికప్ వ్యాన్ వచ్చి ఆగింది. నడిపేది ఒక కుర్రాడు, పక్కన ఆ ముసలామె. కొట్టు కట్టేసి ఇంటికి పోతున్నారు. బ్రేకు మీద నీళ్ళు పోయొద్దని, దానంతటదే చల్లారనివ్వమని కుర్రాడు సైగ చేశాడు. పట్టుకునే ఉండకుండా నొక్కి వదలమని చూపించాడు. ఆమె మాకు నారింజలు ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు.

మేం ఫోన్లో అనువాదం పెట్టి క్షమించమన్నాం. ఫోటో ఆమె ముందే తీసేశాం. మా ఊరి ఫోటోలు చూపించాం: కొండ, కాఫీ తోట, పసుపు ఆరబెట్టిన వాకిలి. ఆమె నవ్వి మనవడితో ఏదో అంది. అదేంటో మేం అడగలేదు.

మే హాంగ్ సన్ దగ్గర మెడకి ఇత్తడి కడియాలు వేసుకునే కయాన్ ఆడవాళ్ళ ఊళ్ళున్నాయి. మయన్మార్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. వాళ్ళని చూడ్డానికి టికెట్. మాలో ఇద్దరు "లోపలికెళ్ళి ఏదైనా కొంటేనే వాళ్ళకి కూడు" అన్నారు. ఇద్దరు "మనుషుల్ని చూడ్డానికి టికెట్టా, మన ఊరికి పెడితే ఒప్పుకుంటామా" అన్నారు. గేటు దగ్గర నిలబడి వెనక్కి వచ్చేశాం. ఆ వాదన ఇంకా తెగలేదు. మీరేమంటారో చెప్పండి.

ఒక్కటి మాత్రం నలుగురం ఒప్పుకున్నాం. మన కొండల్లో మనల్ని ఎలా చూడాలని కోరుకుంటామో, పక్కవాళ్ళ కొండల్లో మనమూ అలాగే చూడాలి. ముందు అడగాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోవాలి.

జై ఆదివాసీ.