చెంచాడు మందు

మా యింట గోడ యలమరలో నొక బిస్కత్తుల రేకుడబ్బా కలదు. అందు బిస్కత్తులుండగా మేము చూచి పదియేండ్లు దాటినది. సగము మిగిలిన దగ్గుమందులు, మాత్రల యట్టలు, ఎవరికో యెప్పుడో తెచ్చిన కంటిచుక్కలు, పేరుచీటి చిరిగిన సీసాలు, ఇవి దాని సంసారము. ఇట్టి డబ్బా లేని గృహస్థుని యిల్లు మన దేశమున నుండునని మేము నమ్మజాలము. తలనొప్పి వచ్చిన పెద్దలకును, ఒడలు వెచ్చబడిన పిల్లలకును అర్ధరాత్రమున నదియే వైద్యుడు. పెద్దలమాట యటుండనిండు. పసిపిల్లలపాలిట నీ వైద్యు డెట్టివాడో గడచిన శ్రావణమాసమున మాకు తెలిసినది. తెలిసిన తీరు చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది. అయినను చెప్పెదము.

మా చెల్లెలు వరలక్ష్మీవ్రతమునకు ఎనిమిదినెలల పసివానిని చంకనిడుకొని పుట్టింటికి వచ్చినది. వచ్చిన మూడవనాటి రాత్రి పిల్లవానికి జ్వరము తగిలినది. థర్మామీటరు పెట్టి చూడగా 102 డిగ్రీలు. మూడేండ్ల మా చిన్నవానికి వాడుచుండిన జ్వరపుమందు సీసా వెదకితిమి. అందు అడుగున నాలుగు చుక్కలకంటె లేదు. వెంటనే సైకిలెక్కి మందుల దుకాణమునకు పోయితిమి. "పసివానికి జ్వరమండీ" యంటిమి. ఆయన యొక చిన్నసీసా చేతిలో పెట్టెను. వయస్సెంతయని గాని, బరువెంతయని గాని యాయన యడుగలేదు, మేమును చెప్పలేదు. ఆయనకు దుకాణము మూయు తొందర, మాకు ఇల్లు చేరు తొందర.

పెట్టెలో సీసాతోకూడ నొక చుక్కల గొట్టముండెను. బంగారము తూచినట్లు ఆ గొట్టముతో పీల్చి పోయుట యెందుకని దానిని ప్రక్కన బెట్టి, చిన్నవానికి పోయునట్లే చెంచాడు మందు వంచితిమి. అప్పుడు మా యమ్మ, ఆమెకు అక్షరములు రావు, ఉగ్గుగిన్నె చేతబట్టుకొని చూచుచుండి, "ఒరే అబ్బాయీ, ఆ సీసా అంత పెద్దది, ఈ సీసా యింత చిన్నది. రెంటికీ ఒకటే చెంచా యేమిట్రా?" యన్నది.

"రెండూ ఒకటే మందమ్మా. పేరు చదివే చెబుతున్నాను" అని మేము నవ్వితిమి.

పేరు చదివినమాట నిజమే. ఇరువదియేండ్లుగా బడిలో ఆంగ్లమును సంస్కృతమును చెప్పుచున్న మేము పారాసిటమాల్ అను పేరు చదివితిమి. ఆ పేరుక్రింద చీమలబారువలె నున్న పంక్తిని చదువలేదు.

తెల్లవారుజామున జ్వరము మరల హెచ్చినది. దీపములు పోయినవి. పదవతరగతి చదువుచున్న మా కొమార్తె సెల్‌ఫోను వెలుగు పట్టగా మేము రెండవ చెంచా వంచబోవుచుంటిమి. పిల్ల సీసావంక చూచుచు, "నాన్నగారూ, దీనిమీద మిల్లీలీటరుకు వంద మిల్లీగ్రాములని ఉంది. తమ్ముడి సీసామీద అయిదు మిల్లీలీటర్లకు నూటయిరవై కదా" యన్నది. చేయి యాగినది. భాస్కరాచార్యుని లీలావతిలోని త్రైరాశికమును గురువుగారి యెదుట వల్లించినవారము. ఆ లెక్క మనస్సులో వేయుటకు క్షణము పట్టలేదు. పెద్దసీసా మందు చెంచాడనగా 120 మిల్లీగ్రాములు. చిన్నసీసా మందు చెంచాడనగా 500. నాలుగురెట్లకు మించినది. అదియు పన్నెండు కిలోల పిల్లవానికి గాదు, ఎనిమిది కిలోల పసికందునకు.

పట్టణములోని శిశువైద్యునికి ఫోను చేసితిమి. ఆయన మమ్ము తిట్టలేదు. మొదట బరువడిగెను. తరువాత, ఎప్పుడిచ్చితిరి, ఇంకేమైన నిచ్చితిరా యనెను. మా చెల్లెలు తలవంచుకొని, సాయంకాలము ముక్కు కారుచున్నదని డబ్బాలోని జలుబుమందు అరచెంచా పోసితినన్నది. ఆ సీసా తెచ్చి చదువగా అందును పారాసిటమాల్ కలదు! జలుబుమందను పేరుతో నున్నది గనుక జ్వరపుమందు వేరని యామె యనుకొన్నది. ఆమె బి.ఏ. పట్టభద్రురాలు. వైద్యుడు లెక్కవేసి, కాలేయమునకు హానిచేయు మొత్తమునకు ఇది లోబడియే యున్నదనియు, రెండవ చెంచా పడియున్న మాట వేరుగా నుండెడిదనియు, పారాసిటమాల్ కలదేదియు ఇక నొక చుక్కయైన నీయవలదనియు, పాలు పట్టుచు తెల్లవారగనే తీసికొనిరావలసినదనియు చెప్పెను.

తెల్లవారుటకు రెండుగంటలు కలవు. ఆ రెండుగంటలు మేము అరుగుమీద కూర్చుంటిమి. లోపల పసివాడు పాలు త్రాగి సుఖముగా నిద్రించుచుండెను. అది చూచి ధైర్యము తెచ్చుకొనుటకు గూడ వీలులేకపోయెను. ఏలయన ఈ మందు మితిమీరిననాడు తొలిదినము పిల్లలు మామూలుగనే కనబడుదురనియు, కాలేయము చెడుట పిదప బయటపడుననియు, విరుగుడు మందు ఎనిమిది గంటలలోపల నిచ్చిననే బాగుగా పనిచేయుననియు వైద్యుడు ముందే చెప్పియుండెను. మా యమ్మ వచ్చి ప్రక్కన కూర్చున్నది. "నేను చెప్పలేదుట్రా" యని యనవచ్చును. అనలేదు. అన్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

రక్తము పరీక్షించిరి, బాగుగనే యున్నది. జ్వరము మూడవనాటికి తగ్గినది. తగ్గిన తరువాత వైద్యునియొద్ద మేము విద్యార్థివలె కూర్చుండి నేర్చుకొన్నది గృహస్థులకు పనికివచ్చును గనుక వ్రాయుచున్నాము.

పిల్లల మందునకు కొలత వయస్సు గాదు, బరువు. పారాసిటమాల్ కిలో బరువునకు ఒక్క మోతాదునకు 10 మొదలు 15 మిల్లీగ్రాములవరకు. మోతాదునకును మోతాదునకును నడుమ నాలుగు మొదలు ఆరు గంటలు గడువవలెను; ఒక పగలు ఒక రాత్రిలో నాలుగుమారులకు మించరాదు. మా మేనల్లునికి ఎనిమిది కిలోలు గనుక 80 మొదలు 120 మిల్లీగ్రాములు. చుక్కలమందులో నది ఒక మిల్లీలీటరునకు అటునిటు. మేము పోసినది సీసాలో మూడవవంతు! పసికందులు మందు కొంచెమే మ్రింగగలరు గనుక చుక్కలమందును చిక్కగా చేయుదురు. చిన్నసీసా పెద్దసీసాకంటె బలహీనమని లోకము తలచును, నిజము తలక్రిందులు. సీసా మారినపుడెల్ల లెక్క మారును. పెద్దసీసాలలోనే 120 కలదియు, 250 కలదియు ప్రక్కప్రక్కన నుండును.

చెంచామాట. మా కొమార్తె సూదిలేని సిరంజితో నీరు కొలిచి మా వంటయింటి చెంచాలను పరీక్షించినది. ఒకటి నాలుగు మిల్లీలీటర్లు పట్టినది, ఒకటి ఏడు, పాయసపు చెంచా పదికి పైగా. ఇవన్నియు మన భాషలో "చెంచాడే". అట్టి సిరంజి మందుల దుకాణమున కొద్ది రూపాయలకు దొరకును. బిడ్డను తలయెత్తి ఒడిలో కూర్చుండబెట్టుకొని, బుగ్గలోపలివైపు కొంచెము కొంచెముగా వదలవలెను. వెల్లకిల పరుండబెట్టి ముక్కు మూసి గొంతులో పోయుట మన పల్లెలలో పెద్దవారి నేర్పుగా చెల్లుచున్నది. ముక్కు మూసిన బిడ్డ గాలికై నోరు తెఱచును. అప్పుడు మందు కడుపులోనికే పోవునన్న నమ్మక మేమి? ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

ఇదంతయు పాశ్చాత్యుల గొడవయని కొందఱు మిత్రులు మాతో ననిరి. ఆయుర్వేదముయొక్క ఎనిమిది యంగములలో కౌమారభృత్య మొకటి గాదా? కాశ్యపసంహితలో నప్పుడే పుట్టిన శిశువునకు మందు వాయువిడంగపు గింజయంత యనియు, నెలనెలకు పెంచవలెననియు, ఉసిరికకాయంతకు మించరాదనియు చెప్పబడినది. గింజతో కొలిచిన పూర్వుల సంతతివారము మనము. పాయసపు చెంచాతో కొలుచుచున్నాము.

కొలత సరియైనంతమాత్రమున ముగియదు. మందవసరమా యను ప్రశ్న కలదు. జ్వర మనునది లోపలి రోగముతో దేహము చేయు పోరు. పిల్లవాడు ఆడుచు పాలు త్రాగుచునున్నచో థర్మామీటరు అంకెకొఱకు మందు పోయ బనిలేదు. అయితే మూడునెలలు నిండని శిశువునకు 100.4 డిగ్రీలు వచ్చినచో మందు పోసి చూచుట గాదు, తక్షణము వైద్యునియొద్దకు పోవలెను. ఏ వయస్సువాడైనను పాలు మానివేసినను, మగతగా పడియున్నను, డొక్కలెగురవేయుచున్నను, మూత్రము తగ్గినను, ఫిట్సు వచ్చినను అంతే.

దగ్గు జలుబుల మందులసంగతి యింతకంటె విషాదకరము. 2025వ సంవత్సరమున మధ్యప్రదేశమందలి ఛింద్వాడా ప్రాంతమున ఇరువదిమందికి పైగా పసిపిల్లలు దగ్గుమందు త్రాగి మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసినట్లు పరీక్షలలో తేలినది. ఈ విషము క్రొత్తది గాదు. 1937లో అమెరికాలో నొక ద్రవౌషధమునందు దీనినే వాడగా నూరుమందికి పైగా చనిపోయిరి. అందుమీదనే 1938లో నక్కడ క్రొత్తచట్టము వచ్చినది. 2022లో మన దేశమున తయారైన సిరప్పులు త్రాగి గాంబియాలో అరువదిమందికి పైగా పిల్లలు పోయిరి. ఎంత చదివినను, ఎంత సరిగా కొలిచినను, ఈ విషమును గృహస్థుడు కనిపెట్టజాలడు. అది ప్రభుత్వమువారి బాధ్యత, తయారుచేయువారి బాధ్యత. కాని మమ్ము కలచివేసినది వేరొకటి. ఆ బిడ్డలలో ననేకులకు వచ్చినది సామాన్యమైన జలుబు, దగ్గు. తనంత తాను పోవునది. 2023 డిసెంబరులోనే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబుమందును నాలుగేండ్లలోపువారికి వాడరాదని సీసాపై వ్రాయుమని ప్రభుత్వోత్తరువు వచ్చినది. 2025 అక్టోబరు 3న, రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు జలుబుల మందులు వ్రాయరాదు, ఈయరాదు, ఐదేండ్లలోపువారికి సాధారణముగా వలదు అని కేంద్ర ఆరోగ్యశాఖవారు వైద్యులకే హెచ్చరిక పంపిరి. వైద్యులకే వలదన్నదానిని మన డబ్బాలు ధారాళముగా నిచ్చుచున్నవి. మా చెల్లెలు పోసిన యరచెంచా యట్టిదే.

ముక్కు దిబ్బడకు ఉప్పునీటిచుక్కలు చాలును. ఏడాది నిండినవానికి రాత్రి దగ్గునకు కొంచెము తేనె నాకించుట మంచిదే. ఏడాది నిండనివానికి తేనె తగదు, అందుండు సూక్ష్మబీజములవలన బొట్యులిజమను పక్షవాతమువంటి వ్యాధి రావచ్చును. పుట్టిననాడే తేనె నాకించు నాచారము గల యిండ్లవారు దీనిని గమనింతురుగాక. కర్పూరమూట కట్టుటయు నంతే. కర్పూరము నోటబడిన ఫిట్సు వచ్చును.

పెద్దల మాత్రను విఱిచి పిల్లలకిచ్చుటను గూర్చి యొక్కమాట. జ్వరముతో నున్న పిల్లలకు ఆస్పిరిను తగదు. 1963లో ఆస్ట్రేలియా వైద్యుడు రేయి వర్ణించిన వ్యాధి, మెదడును కాలేయమును ఒక్కసారిగా చెఱచునది, దీనితో సంబంధము గలదని తేలినపిమ్మట 1986లో ఇంగ్లండున పన్నెండేండ్లలోపువారికి దానిని మాన్పించిరి. నిమెసులైడును మన దేశమున 2011లో పన్నెండేండ్లలోపువారికి నిషేధించిరి. అయినను మా డబ్బాలో నా మాత్రల యట్ట యొకటి దొరకినది.

పేరు చదివి మోసపోవుట మా యొక్కరికే కాదని తెలిసి కొంత యూరట కలిగినది. విరేచనములకు ఓఆర్‌ఎస్ అను పేరుతో చక్కెర మెండుగా గల పానీయములను డబ్బాలలో నమ్ముచుండగా, హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్‌గారు ఏండ్లతరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో ఆహారభద్రతాధికార సంస్థవారు ఆ పేరు పానీయములపై వేయరాదని యుత్తరువు చేసిరి. నిజమైన పొట్లమునుగూడ మనము లోటాడు నీటిలో కలిపి చెఱుపుచున్నాము. లీటరు పొట్లము లీటరు నీటికే.

ఆ వారమే బిస్కత్తుల డబ్బా బోర్లించితిమి. పదునొకండు సీసాలు, అందు నాలుగింటికి గడువు దాటినది, రెంటికి పేరే లేదు. "చాక్లెట్టురా కన్నా" యని మా యింటిల్లిపాదియు మందును ముద్దుచేసి పోయుచుండుటచే మా చిన్నవాడు ఆ డబ్బాను మిఠాయిపెట్టెగా నెఱిగియున్నాడని కూడ నాడే తెలిసినది. మిగిలినవానిని తాళమున్న పైయరలో పెట్టితిమి. తలుపు లోపలివైపున కాగితమంటించి, పిల్లలపేర్లు, బరువులు, మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, తుదిసారి యిచ్చిన గంట, అన్నియు తెలుగున వ్రాసితిమి.

మా యమ్మకు కాగితము పనికిరాదు గదా. రాత్రివేళ పిల్లలయొద్ద మేల్కొనునది యామెయే. మా కొమార్తె గోళ్ళరంగు తెచ్చి పసివాని సిరంజిమీద సరిగా ఒక్క మిల్లీలీటరుకడ ఎఱ్ఱగీత గీసియిచ్చినది. మా యమ్మ దానిని దీపమునకెదురుగా పెట్టి గీతదాక పీల్చి, మా చేతికిచ్చి, "చూడు, సరిగా ఉందా" యని యడుగును. మొన్న దీపావళికి చెల్లెలు వచ్చినపుడు పసివానిని తూచితిమి. తొమ్మిదిన్నర కిలోలు. వైద్యుని నడిగి, పాతగీత చెఱిపి, 1.2 కడ క్రొత్తగీత పెట్టవలసివచ్చినది.