గొట్టం వెంట వేలు

జిల్లా ఆసుపత్రి పై అంతస్తులో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ అందరూ దాన్ని ఎస్‌ఎన్‌సీయూ అనే అంటారు. బయట బెంచీల మీద బాలింతలు, వాళ్లకు తోడొచ్చిన అమ్మమ్మలు. లోపల వేడినిచ్చే వార్మర్ల కింద కిలోన్నర, రెండు కిలోల పసికందులు. మేం వెళ్లేసరికి రాత్రి డ్యూటీ సిస్టర్లు పగటివాళ్లకు అప్పగింతలు పెడుతున్నారు.

ఇద్దరూ కలిసి ప్రతి బిడ్డ దగ్గరా ఆగుతున్నారు. సీనియర్ సిస్టర్ బిడ్డ ఒంటి దగ్గర మొదలుపెట్టి, గొట్టం వెంట వేలు జరుపుకుంటూ సీసా దాకా వెళ్తోంది. ‘ఇది సెలైను, ఇది పాల గొట్టం’ అని పైకే చెబుతోంది. మామూలు సిరంజి రెండింటికీ పడుతుంది. పాలు రక్తనాళంలోకి పోయి పసివాళ్లు చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. పాల గొట్టాలకు సెలైను సూదితో కలవని ప్రత్యేక అమరిక ఉండాలని 2016లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అది ప్రతి వార్డుకూ చేరేదాకా ఆ వేలే కాపలా.

పక్క వార్మర్ దగ్గర కొత్తగా చేరిన నర్సు అంకెలు రాసుకుంటోంది. ‘ముందు ప్రోబ్ చూడమ్మా, తర్వాత నంబరు రాద్దువుగాని’ అంది సీనియర్. బిడ్డ పొట్టకు కుడివైపున అంటించిన ఆ చిన్న బిళ్లే యంత్రానికి ఒంటి వేడి ఎంతో చెబుతుంది. అది ఊడితే గది గాలినే బిడ్డ ఒళ్లనుకుని యంత్రం వేడి పెంచుతూ పోతుంది, చర్మం కాలుతుంది. బిడ్డ దాని మీదికి దొర్లి పడుకుంటే వేడి తగ్గిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. యంత్రం పాడవకుండానే ప్రమాదం జరుగుతుందన్నమాట. ఆమె అంచు లేచిన టేపు తీసి, చర్మం తుడిచి, కొత్తది అంటించింది.

ఆక్సిజన్ సంగతీ అంతే. తక్కువైతే ప్రాణానికి ముప్పు. నెలలు నిండని పిల్లలకు ఎక్కువైతే కంటి రెటీనా దెబ్బతిని చూపే పోవచ్చు. అందుకే ఆక్సిజన్ మీదున్న ఆ పిల్లల రక్తంలో ఆక్సిజన్ రీడింగు 90 నుంచి 95 శాతం మధ్య ఉండేలా చూస్తారు. పై హద్దు దాటినా అలారం మోగాలి. మోగినప్పుడు బటన్ నొక్కేసి వెళ్లిపోకుండా బిడ్డను చూడాలి.

సెలైను కొలిచి ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు లేని చోట బ్యూరెట్ సెట్ ఉంది. అందులో 60 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. గంటకో, రెండు గంటలకో సరిపడా మందే పోస్తారు. బిగింపు వదులైనా సీసా మొత్తం ఒంట్లోకి పోదు.

ఆ తర్వాత చూపు గోడల మీది కరెంటు ప్లగ్గుల వైపు పోతుంది. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి విభాగంలోనే నిప్పంటుకుని పదిమంది శిశువులు చనిపోయారు. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ వైద్య కళాశాల ఆసుపత్రిలో మరో పదిమంది పోయారు. ఆక్సిజన్ నిండిన గదిలో చిన్న నిప్పురవ్వ చాలు. ఈ విభాగంలో ఎక్స్‌టెన్షన్ బాక్సులు కనపడలేదు, వెనక తలుపుకు తాళం లేదు. కానీ కొన్ని వార్మర్ల మీద ఇద్దరేసి పిల్లలున్నారు. సిస్టర్ల సంఖ్య పెంచకుండా, పడకలు పెంచకుండా జాగ్రత్తలన్నీ వాళ్ల మీదే మోపడం అన్యాయం.

వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేయడానికి కేంద్రం 2015 జులైలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. తృటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా దాచకుండా చెబితేనే అది మరో ఊళ్లో మరో బిడ్డకు జరగకుండా ఆపగలం. ఆసుపత్రులు ఈ నంబరును ప్రతి పిల్లల వార్డు గోడ మీదా రాయించాలి. చెప్పిన నర్సును దండించకూడదు. బిడ్డ పక్కన కూర్చున్న తల్లులారా, టేపు ఊడినా, గొట్టం జారినా మీరు సర్దవద్దు. వెంటనే సిస్టర్‌ను పిలవండి.