చిక్కుడాకు మీది చుక్కలు

గడచిన ఫాల్గుణంలో గూడూరు వెళ్ళినప్పుడు, చేతిసంచి దింపకముందే అమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. "చిక్కుడుకు ఏదో పురుగు పట్టింది బిడ్డా. రెండుసార్లు మందు కొట్టిచ్చిన, పోతలేదు" అంది.

మా వైపు ఆకు మీద మచ్చ కనబడితే చేయి మొదట పోయేది మందుసీసా మీదికే. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలను ఊడ్చిపెట్టిన తరువాత ఆ భయం మరీ ముదిరింది. తప్పు పట్టలేను.

ఆకు తెంపి వెనుకకు తిప్పి భూతద్దంతో చూశాను. ఎర్రనల్లి లేదు, తామరపురుగు లేదు. లేతాకులు ముడత లేకుండా నిగనిగలాడుతున్నాయి. ముదురాకుల పైభాగాన మాత్రం, ఈనెలను వదిలిపెట్టి వాటి నడుమ, ఆవాలు చల్లినట్లు గోధుమరంగు చుక్కలు. రసం పీల్చే పురుగు ఇంత మర్యాదగా ఈనెలను తప్పుకొని తినదు. ఓజోను వ్రాసే వ్రాత ఇట్లా ఉంటుంది. ప్రక్క మడిలోని పాలకూర కథ వేరు: ఈనెల మధ్య దంతపు రంగుకు తిరిగి ఎండిన మచ్చలు. అవి గంధకపు పొగ ఆనవాళ్ళు. చెరువు అవతల ఆ చలికాలమంతా ఒక ఇటుకబట్టీ కాలిందట.

బట్టీ పొగ కంటికి కనబడుతుంది. ఓజోను కనబడదు, ఏ పొగగొట్టం నుండీ నేరుగా రాదు. వాహనాల, కర్మాగారాల నైట్రోజన్ ఆక్సైడులు, ఆవిరయ్యే కర్బన పదార్థాలు ఎండ తగిలి దారిలో ఓజోనుగా మారతాయి. పట్టణంలోనైతే అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడు దానిని కొంత మింగివేస్తుంది. గాలివాలున ఉన్న పల్లెకు ఆ పాటి రక్షణ కూడా లేదు.

ఇంకొక విచిత్రం. ఈ వాయువులు ఆకులోకి దూరేది పత్రరంధ్రాల గుండా. నీరు చాలని మొక్క వాటిని మూసుకుంటుంది. తడి బాగా ఉన్న మొక్క బార్లా తెరుస్తుంది. అమ్మ పూటపూటా బిందెలతో పోసిన నీరే ఆ పాదుకు అంత ఊపిరిని, అంత విషాన్ని ఇచ్చిందేమో! చుక్క పడకముందే నష్టం మొదలవుతుంది కూడా. కాయకు, వేరుకు పోవలసిన చక్కెర ఆకు మరమ్మతుకు ఖర్చయిపోతుంది.

రెండు వాయువులు కలిసినప్పటి లెక్క వేరు. 1966లో అమెరికాలో మెన్సర్, హెగ్గెస్టాడ్ అనే శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కలపై ఓజోనును, సల్ఫర్ డయాక్సైడును ప్రయోగించారు. విడివిడిగా ఆకుకు ఏమీ చేయని మోతాదులు కలిపి పెట్టేసరికి మచ్చలు తెచ్చాయి. అన్ని పంటల్లోనూ ఇట్లాగే జరగదు. ఒక్కొక్కచోట ఒకటి మరొకదాని ప్రభావాన్ని తగ్గిస్తుంది కూడా. కానీ మన దేశపు 2009 నాటి ప్రమాణాలు చూడండి: ఘనమీటరు గాలిలో సల్ఫర్ డయాక్సైడు ఇరవైనాలుగు గంటలకు 80 మైక్రోగ్రాములు, నైట్రోజన్ డయాక్సైడు 80, ఓజోను ఎనిమిది గంటలకు 100. దేని గీత దానిదే. మూడూ తమతమ గీతలకు లోపలే ఉండి ఒకే ఆకులో కలుసుకుంటే అడిగే నిబంధన ఏదీ అందులో లేదు.

మాకు ఉత్తరాన చేల్పూరులో 2010లో 500, 2016లో 600 మెగావాట్ల బొగ్గు యూనిట్లు వచ్చాయి. మా పెరటి చుక్కకు దానిని దోషిగా నిలబెట్టను. అంత దూరం నుండి గాలి వ్రాసిన చేతివ్రాతను గుర్తుపట్టే విద్య నాకు లేదు. అయితే దేశంలోని ఇట్లాంటి కేంద్రాలన్నిటికీ 2015 డిసెంబరులో గంధకపు పొగపై పరిమితి విధించారు. గడువులు పొడిగిస్తూ పోయి, 2025 జులైలో అత్యధిక కేంద్రాలను ఆ పరిమితి నుండి తప్పించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అమ్మ పాలకూర మడి.

ఇదంతా వీలైనంత సులువుగా చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, "అయితే గాలికేం మందు కొట్టాలె?" అంది. నేను మాట్లాడలేదు.

మచ్చలాకులు తెంపి గొంతిలో వేశాము. కొట్టిన మందు గడువు తీరేదాకా కాయ కోయవద్దని గట్టిగా చెప్పాను. ఆ కాయలు తినేది ఆమే కదా. మూడవసారి కొట్టించనని మాట ఇచ్చింది. సీసాలో మిగిలినది మాత్రం పారేయలేదు, గూట్లో పెట్టింది.