మదరాసు వెళ్ళి వచ్చాము

మూడు నెలలుగా మా దగ్గరనుంచి ఈ పత్రికకు ఒక్క ముక్కయినా రాలేదని కొందరు పాఠకులు అడిగి పంపారట. ఆరోగ్యం బాగానే ఉన్నది, బద్ధకమూ కాదు. ఇంటి సంగతులు అట్లా వచ్చిపడ్డవి. అవి నలుగురితో చెప్పుకుంటేనే గాని మనసు తేలికపడదు గనుక, ఈ మాటు మా ఇంటి కబుర్లే వ్రాస్తున్నాము. పెద్ద మనసుతో చదువగలరు.

మాది బరంపురం. ప్రభుత్వ కాగితాలలో బ్రహ్మపూర్ అని ఉన్నా, మన వాళ్ళ నోట అది బరంపురమే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా వేరు రాష్ట్రమయ్యేవరకు మా ఊరు మదరాసు రాజధానిలో ఉండేది. ఆనాడు గీసిన గీతకు ఇచ్ఛాపురం అటు, మేము ఇటు అయినాము. మా పెద్దలు వాకిలి దాటలేదు. వాకిటిముందు రాష్ట్రం మారినది, అంతే. తరువాత పిల్లలు ఒడియా బడిలో చదువుకున్నారు, ఒడియా వారితో బంధువులవలె కలిసిపోయాము, ఎండాకాలం వారు పఖాళ తింటే మేము చద్దన్నం తిన్నాము. రెండూ ఒకటేనని ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు.

మా అమ్మాయిని మదరాసులో ఇచ్చాము. ఆ నగరానికి 1996లోనే చెన్నై అని పేరు మార్చారు గాని, మా తల్లిగారికి ఇంకా మదరాసే. రెండేళ్ళకొకమారు చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి యాత్రకు అమ్మాయి వచ్చేది. ఆ యాత్రకు అమ్మవారు తెలుగు నేతవారి పెద్ద అయిన దేశిబెహెరా ఇంటికి పుట్టింటి ఆడపడుచుగా వస్తుంది కదా. మా అమ్మాయి కూడా అదే లెక్కన వస్తున్నానని నవ్వేది. ఈ మధ్య ఉద్యోగం, పిల్లవాడి చదువు అడ్డుపడి రావడం తగ్గినది. ఈసారి మేమే వెళ్ళవలసివచ్చినది.

కారణం మా తల్లిగారి కళ్ళు. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. ఏడాదిగా పత్రిక చేత పట్టుకొని కిటికీ దగ్గరకు, అక్కడనుంచి వాకిట్లోకి జరుగుతూ వచ్చారు. అడిగితే "వెలుతురు చాలడం లేదురా" అనేవారు. వెలుతురు చాలకపోవడం కాదు, నీటికాసులు అని ఇక్కడి డాక్టరు చెప్పి, మదరాసులో ఒకసారి చూపించమన్నారు. అప్పడాలు, ఊరగాయ జాడీ, అమ్మాయికొక బరంపురం పట్టుచీర మూట కట్టుకొని, హౌరానుంచి వచ్చే మెయిలు ఎక్కాము. దారి వెయ్యి కిలోమీటర్లకు పైచిలుకు.

రైలులో లోకవార్తలకు కొదవ ఉండదు. పలాసలో ఎక్కినాయన జీడిపప్పు ధరతో మొదలుపెట్టి రైల్వే సంగతులకు వచ్చాడు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజనును రెండుగా చేసి, ఒక భాగాన్ని విశాఖపట్నం డివిజనుగా కొత్త దక్షిణ కోస్తా రైల్వేకు, రెండో భాగాన్ని రాయగడ డివిజనుగా తూర్పు కోస్తా రైల్వేకు ఇవ్వడానికి ఒప్పుకున్నది కదా. అందువల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని వాదన. ఇంకొకరు 2023లో మన "నాటు నాటు" పాటకు ఆస్కారు వచ్చిన సంగతి ఎత్తి, నిన్ననే వచ్చినట్టు సంతోషపడ్డారు. మా తల్లిగారు అంతా విని, "పాట సరే, ఆ పాట కాగితంమీద పెడితే చదివే పిల్లలు ఎంతమంది ఉన్నారు?" అన్నారు. పెద్దావిడ మాటలే అనుకొని ఊరుకున్నాము. ఆ మాట మా ఇంటికే వచ్చి తగులుతుందని అప్పుడు తోచలేదు.

మదరాసులో డాక్టరు ఓపికగా పరీక్ష చేశారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కల మందు రోజూ తప్పకుండా వేసుకోవాలి అన్నారు. మేము ఆ మాటను కొంచెం తీపి చేసి చెప్పబోయాము. ఆమె చేయి అడ్డం పెట్టి, "విన్నానులే. కళ్ళకు జబ్బు గాని చెవులకు కాదు" అన్నారు. ఇంటికి వచ్చేదాకా మాలో ఎవరమూ మాట్లాడలేదు.

మరునాడు ఆమెయే కోరిక చెప్పారు: "మాయాబజారు తీసిన చోటు చూపించండి." 1957లో ఆ చిత్రం వచ్చినప్పుడు ఆమెకు పదహారేళ్ళు. తండ్రిగారితో బండి కట్టించుకొని వెళ్ళి చూచారట. వడపళని తీసుకువెళ్ళాము. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా వాహినీ స్టూడియోలు ఉండిన ఆ ఆవరణలో ఇప్పుడు ఆసుపత్రి ఉన్నది, అంతస్తులమీద అంతస్తులుగా అంగళ్ళు ఉన్నవి. మాకు చిన్నబోయినట్లయినది. ఆమె మాత్రం, "ఘటోత్కచుడు కట్టిన మాయాబజారు కూడా పని కాగానే మాయమైపోయినదిగా" అని నవ్వేశారు. ఆపైన మనుమడి చేయి పట్టుకొని, "చందమామ కూడా ఇక్కడివాళ్ళదేరా" అని చెప్పుకుంటూ నడిచారు. 1947 జూలైలో తెలుగులోనూ తమిళంలోనూ పుట్టిన ఆ పత్రిక 1956లో ఒడియాలో "జహ్నమామూ" పేరున వచ్చినది. బరంపురంలో మా ఇంటికి చందమామ, పక్క ఒడియా వారింటికి జహ్నమామూ వచ్చేవి. బొమ్మలు ఒకటే, అక్షరాలు వేరు. ఇంటి పిల్లలు, పక్కింటి పిల్లలు రెండూ పక్కపక్కన పరచుకొని చూచేవారు. ఇప్పుడు ఆ పత్రిక రావడం లేదు. మా అటక మీద మూడు కట్టలు మాత్రం ఉన్నవి.

ఆ రాత్రి అమ్మాయి ఇంట్లో టెలివిజనులో మాయాబజారు పెట్టారు. 2010లో రంగులు అద్ది విడుదల చేసిన ప్రతి. అందరం చాపలు పరచుకొని కూర్చున్నాము. పేర్లు పడడం మొదలయినది. మా తల్లిగారికి అవి ఆనలేదు. పక్కనే ఉన్న మనుమడితో, "నాయనా, ఎవరెవరి పేర్లు వేస్తున్నారో చదివి చెప్పు" అన్నారు.

వాడికి పదేళ్ళు. తెలుగు గలగలా మాట్లాడతాడు, మధ్య మధ్య నాలుగు తమిళ మాటలు కలుస్తవి, అంతే. తమిళం, ఇంగ్లీషు చక్కగా చదువుతాడు. వాడు తెరవంక చూచాడు, వాళ్ళ అమ్మవంక చూచాడు. అమ్మాయి మావంక చూచినది. "మామ్మా, నాకు ఈ లెటర్సు రావు" అన్నాడు వాడు మెల్లిగా. ఆమె ఏమీ అనలేదు. మేము గబగబా పేర్లు చదివివేశాము. సినిమా నడుస్తూనే ఉన్నది. ప్రియదర్శిని పెట్టె మూత తీయగానే మనుమడు "ఇది వీడియో కాలే!" అని ఎగిరాడు. రంగారావుగారు పెళ్ళివంటకాలు ఆరగించే చోట అందరం విరగబడి నవ్వాము. అయినా ఆ మొదటి నిమిషం ముల్లు మాలో ఉండిపోయినది.

పిల్లలు పడుకున్నాక అమ్మాయి అన్నది: "నాన్నా, నాకే గుణింతాలు తడుముకోవలసివస్తుంది. వాడికి నేనేమి నేర్పేది?"

ఆమె తప్పు పట్టలేదు, నిజం చెప్పినది. ఆమె ఒడియా బడిలో చదువుతున్న రోజులలో, "ఇంట్లో మాట్లాడుతున్నాముగా, చాలులే" అని మేమే అనుకున్నాము. ఊళ్ళో సభలకు వెళ్ళి మాతృభాష గురించి చెప్పి, చప్పట్లు కొట్టించుకొని, ఇంటికి వచ్చి భోజనం చేసి పడుకున్నాము. పలక మాత్రం కొనలేదు.

మదరాసులో అప్పుడు బడిలో రెండు భాషలా, మూడు భాషలా అన్న తగవు జోరుగా ఉన్నది. తమిళనాడులో 1968నుంచి రెండు భాషల విధానం. 2006 చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి. వారి నేలమీద వారి భాష నేర్చుకోవడం మనకు మర్యాద, మేలు కూడా. మన అక్షరం సంగతి మనది. పొద్దున్న పత్రిక చదివి వినిపిస్తుంటే మా తల్లిగారు అన్నారు: "రెండైతేనేమి, మూడైతేనేమి? ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకునేదానికి ఏ సర్కారు అడ్డు వచ్చినది?"

అని ఊరుకోలేదు. పళ్ళెంలో బియ్యం పోయించారు. మనుమణ్ణి ఒళ్ళోకి లాక్కొని, వాడి చూపుడువేలు తన గుప్పెట్లో పట్టుకొని "అ" దిద్దించారు. "కనబడదుగా మామ్మా?" అంటే, "నా వేలికి తెలుసులే" అన్నారు. ఆమెకు తండ్రిగారు అట్లాగే దిద్దించారట. మొదటి రోజు వాడు విసుక్కున్నాడు. రెండో రోజు, "నువ్వు తమిళం నేర్చుకుంటే నేను తెలుగు నేర్చుకుంటా" అని బేరం పెట్టాడు. సరేనన్నారు. తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరమని విని, "ఒక్కడిచేత ఇన్ని పనులా! పొదుపరులురా వీళ్ళు" అని ఆశ్చర్యపోయారు. ఇరవై రోజులు ఆ పళ్ళెం వంటింటిలోకి తిరిగి వెళ్ళలేదు. గుణింతాలు నడిచినవి; వత్తుల దగ్గర మాత్రం బండి ఆగిపోయేది.

సెలవులు గనుక తిరుగు ప్రయాణంలో మనుమడు మాతో వస్తానన్నాడు. రాత్రి బయలుదేరి, పొద్దెక్కేసరికి విశాఖపట్నం చేరాము. అక్కడ ఇంజను ఇటునుంచి అటు మారి, బండి వెనుదిరిగి నడుస్తుంది. వాడు కిటికీ దగ్గర చేరాడు. స్టేషను పలకలమీద పేరు మూడు భాషలలో ఉంటుంది. ఇంగ్లీషు చూడకూడదని మామ్మ షరతు. వి-జ-య-న... అని కూడబలుక్కుంటూ ఉండగానే బండి కదిలిపోయేది. శ్రీకాకుళం రోడ్డు అనేది ఎంత పొడుగని వాపోయాడు. చందమామకు అంత అందమైన బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్యగారు ఈ శ్రీకాకుళం వారేనని చెప్పాము. నౌపడా వచ్చినప్పుడు, ఇక్కడనుంచి గుణుపురం వెళ్ళే చిన్న లైనుమీద పర్లాకిమిడి ఉన్నదని, అక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారు ఉండేవారని చెప్పాము. మనం మాట్లాడే తెలుగే వ్రాతలోనూ ఉండాలని పోరాడిన ఆయన పుట్టినరోజునే, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాము. ఆయన కొండల్లో ఉండే సవరల భాష కూడా నేర్చుకొని, వారి పిల్లలకు బడులు పెట్టించారు. "ఆయనకు అదెందుకు?" అన్నాడు మనుమడు. "పక్కింటివాళ్ళు గనుక" అన్నారు మా తల్లిగారు.

పలాస దాటినది, సోంపేట దాటినది. ఇక ఆంధ్రదేశపు చివరి పెద్ద స్టేషను. బండి నెమ్మదించినది. వాడు పలకకేసి గుచ్చి గుచ్చి చూచాడు. "ఇ... చ... దాని కింద ఇంకొకటి ఉంది తాతా..." మేము నోరు తెరవబోతే మా తల్లిగారు చేయి నొక్కి ఆపారు. పలక వెనక్కి జరిగిపోతున్నది. వాడు మెడ చాచి, పెదవులు కదిలించి, ఒక్కసారిగా "ఇచ్ఛాపురం!" అని అరిచాడు. పెట్టెలోని వారందరూ తిరిగి చూచారు. వత్తుతో సహా సరిగా పలికాడు. ఆమె కళ్ళు తుడుచుకొని, చుక్కల మందు వేళయినదని మాకు గుర్తుచేశారు.

ఇంకొక పాతిక కిలోమీటర్లు నడిచి బరంపురంలో దిగాము. పలకమీద ఒడియా అక్షరాలు చూచి మనుమడు నీరసపడ్డాడు. "ఇది కూడా చదవాలా?" అన్నాడు. తరువాత కొంచెం ఆగి, "ఇవి ఎవరు నేర్పుతారు?" అన్నాడు. అది మా వంతని చెప్పాము.

ఇప్పుడు రోజూ సాయంత్రం మా వీధి అరుగుమీద చందమామ కట్ట విప్పుతారు. వాడు వేలు పెట్టి ఒక పేజీ చదువుతాడు. ఆమె వింటూ తప్పులు దిద్దుతారు. నాలుగు వాక్యాలకు పావుగంట పడుతుంది. పక్కింటి ఒడియా వారి అమ్మాయి కూడా వాళ్ళ ఇంటి పాత జహ్నమామూ తెచ్చుకొని పక్కన కూర్చుంటున్నది. వేసవి అయినాక వాడు వెళ్ళిపోతాడు. ఆమె చూపు ఎన్నాళ్ళు నిలుస్తుందో డాక్టర్లు కూడా చెప్పలేదు. అందుకని అమ్మాయితో ఒప్పందం చేసుకున్నాము: ప్రతి రాత్రి వాడు ఫోనులో మామ్మకు ఒక పేజీ చదివి వినిపించాలి. ఒక కట్ట వాడి పెట్టెలో సర్దడం అప్పుడే అయినది.

పాఠకుల ఇళ్ళలో కూడా మనుమలు ఉంటారు, పళ్ళెం ఉంటుంది, పిడికెడు బియ్యం ఉంటుంది. అంతకు మించి మేము చెప్పదలచినది లేదు. చదువు పూర్తి అయినాక ఆ బియ్యం వండుకొని తినవచ్చును. మేము అట్లాగే చేశాము.