మోకాళ్ళ మెట్టు దాకా

తెల్లవారకముందే అలిపిరి పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కడం మొదలుపెట్టాం, నేనూ మావాడూ. వాడు గోల్ఫ్ ఆడతాడు. చెయ్యి మంచిదే, కోపమే చెడగొడుతోంది. ఒక్క బంతి బంకర్‌లో పడిందంటే తర్వాతి మూడు షాట్లూ ఆ ఉక్రోషంతోనే కొడతాడు. ఈమధ్య స్కాట్లండ్ వంశాల చరిత్ర తెగ చదువుతున్నాడు. ఒక్కో క్లాన్‌కూ ఒక గళ్ళబట్ట, ఒక నినాదం. అలాంటి గళ్ళ రుమాలు మణికట్టుకు చుట్టుకునే కొండకొచ్చాడు.

“ఆటలో నిబ్బరం ఆ స్కాట్లండ్ వాళ్ళ రక్తంలోనే ఉంది నాన్నా” అన్నాడు తలయేరు గుండు దగ్గర.

నొప్పులు రాకూడదని ఎక్కేవాళ్ళంతా మోకాళ్ళు ఆనించీ ఆనించీ ఆ రాతిలో గుంటలు పడ్డాయి. చల్లగా, నున్నగా ఉన్నాయి. మావాడి మోకాలు అందులో సరిగ్గా ఇమిడింది.

మొత్తం 3,550 మెట్లు. మా ముందు ఒకావిడ మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతోంది. తలెత్తి పైకి చూడదు. మావాడు చాలాసేపు ఆమెను దాటకుండా వెనకే నడిచాడు.

గాలిగోపురం దగ్గర కూర్చున్నాక చెప్పాను. గేలిక్‌లో క్లాన్ అంటే పిల్లలనే అర్థం. సెయింట్ ఆండ్రూస్ టామ్ మోరిస్, ఆయన కొడుకు టామ్, చెరి నాలుగుసార్లు ఓపెన్ గోల్ఫ్ పోటీ గెలిచారు. తండ్రి బంతులు చేసేవాడు, మైదానం చూసుకునేవాడు. కొడుకు ఆ పని మధ్యే పెరిగాడు. రక్తం కాదురా, కళ్ళెదుట చూస్తూ పెరగడం.

1457లో స్కాట్లండ్ పార్లమెంటు గోల్ఫును నిషేధించేనాటికి మన అన్నమయ్య యాభైకి దగ్గరపడ్డాడు. చిన్నతనంలో ఈ కొండెక్కుతూ ఆయన మోకాళ్ళ మెట్టు దగ్గర సొమ్మసిల్లాడని, చెప్పులు విడిచి ఎక్కమని అలమేలుమంగ చెప్పిందని మనవడు చిన్నన్న రాశాడు. రోజుకొక్క సంకీర్తనైనా చెప్పమని కొడుకు పెదతిరుమలయ్యకు ఒప్పగించి వెళ్ళాడంటారు. గొప్ప పాట అనలేదు, రోజుకొకటి అన్నాడు. నాకు ఆ మాటంటే ప్రాణం. తాళ్ళపాక వంశంవాళ్ళు ఇప్పటికీ స్వామి సన్నిధిలో పాడుతున్నారు.

“మనది ఆ ఇంటిపేరు కాదుగా” అన్నాడు. నేనేమీ అనలేదు.

మోకాళ్ళ మెట్టు దగ్గర నేను చెప్పకుండానే మోకాళ్ళ మీద ఎక్కసాగాడు. కొన్ని మెట్లయ్యాక జారాడు. చర్మం గీరుకుపోయి రక్తం చిమ్మింది. పళ్ళు బిగించాడు, ఇక మొదలనుకున్నాను. కాసేపు ఊపిరి పీల్చుకుని, మణికట్టు మీది గళ్ళ రుమాలు విప్పి మోకాలికి కట్టుకుని, జారిన మెట్టు మీదే మళ్ళీ ఆనించాడు.