చేప చెప్పిన ప్రళయం, చెరువు అడిగిన కోడలు

గోరంట్ల దగ్గర చిత్రావతి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. నేను వెళ్లినప్పుడూ అంతే. కంపచెట్లు, ఇసుక తోడుకుపోయిన గుంతలు, ఒకచోట మోకాలి లోతు మడుగు, అందులో నాలుగు గేదెలు. జలప్రళయం గురించి రాస్తానంటూ ఇంత ఎండిన చోటికి పోతున్నావేమిటని బస్సెక్కేముందు హిందూపురంలో మిత్రుడొకడు నవ్వాడు. కోనసీమకు పొమ్మని సలహా కూడా ఇచ్చాడు. గోదావరి ఒడ్డున వరద ఏటా వచ్చిపోయే చుట్టం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే ఈ సీమలో వరద తరానికొకసారి వస్తుంది. అలా అరుదుగా వచ్చేదాన్నే జనం కథ కట్టి దాచుకుంటారని నా నమ్మకం.

పాలసముద్రం దగ్గర బెంగళూరు హైవే దాటాక గోరంట్ల ఎంతో దూరం లేదు. ఊళ్లో మాధవరాయస్వామి గుడి ఉంది. విజయనగర కాలపు రాతిపని, ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. విజయనగర శిల్పులకు చేపంటే ఇష్టం. ఆ కాలపు గుళ్లలో కప్పుమీదో స్తంభంమీదో ఎక్కడో ఒకచోట అది ఈదుతూ కనబడుతుంది. నేను మత్స్యావతారం కోసం ఒక్కో స్తంభం చుట్టూ తిరుగుతుంటే, నీడన కూర్చున్న పెద్దాయన ఒకరు చాలాసేపు చూసి పలకరించాడు.

“ఏం ఎతుకుతాండావు సామీ?”

“మత్స్యావతారం ఉందేమోనని, పెద్దాయనా.”

“చాపనా? ఏట్లో నీల్లుంటే గదా చాపకు!” అని నవ్వి, కండువా దులుపుకున్నాడు. “ఆ కరోనా ఇంగా పోకముందు ఏరొచ్చె సూడు, అప్పుడొచ్చింటే సూపిచ్చేవాణ్ణి. చాపలేంది, చెట్లే కొట్టుకొచ్చె.”

ఆయన చెప్పింది 2021 నవంబరు సంగతి. ఆ నెల 19న ఇదే చిత్రావతి దిగువన చెన్నేకొత్తపల్లి మండలంలో పొంగింది. వెల్దుర్తి దగ్గర ఏట్లో చిక్కుకున్న కారులోని వాళ్లను కాపాడదామని జేసీబీ వేసుకుని వెళ్లినవాళ్లు తామూ చిక్కుకుపోయారు. చివరికి వాయుసేన హెలికాప్టర్ వచ్చి పదిమందినీ పైకి లాగింది. నడి ఏట్లో జేసీబీమీద బిక్కుబిక్కుమంటూ నిలబడిన ఆ మనుషుల దృశ్యం టీవీలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదే రోజు కడప జిల్లాలో చెయ్యేరుమీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. దివిసీమను ఉప్పెన ముంచిందీ 1977లో నవంబరు 19నే. తేదీలకు అర్థాలు వెతకడం నాకు ఇష్టం ఉండదు కానీ, ఈ తేదీ చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

చేప కథ మనకు తెలిసిందే అనుకుంటాం. మనకు తెలిసింది పోతన భాగవతం ఎనిమిదో స్కంధం: ద్రవిడ దేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లో చేపపిల్ల పడడం, అది కమండలం, కుండ, మడుగు, సరస్సు దాటి సముద్రమంత కావడం, వాసుకిని తాడు చేసి ఓడను చేప కొమ్ముకు కట్టడం, హయగ్రీవుడు ఎత్తుకుపోయిన వేదాలను విష్ణువు తిరిగి తేవడం. కృతమాల అంటే మధురై పక్కన పారే వైగై అని చాలామంది చెబుతారు. అంటే భాగవతకారుడు ప్రళయాన్ని దక్షిణాదికి దింపుకున్నాడన్నమాట.

పాత కథ ఇంత కాదు. శతపథ బ్రాహ్మణంలో మనువు పొద్దున చేతులు కడుక్కుంటుంటే చేపపిల్ల చేతికొస్తుంది. అది విష్ణువూ కాదు, బ్రహ్మా కాదు, వట్టి చేప. సప్తర్షులు లేరు, విత్తనాలు లేవు, వేదాలు పోవడం లేదు. నీళ్లు ఎందుకొచ్చాయో కూడా చెప్పరు. ఎవరి పాపమూ కాదు, ఎవరి కోపమూ కాదు. వచ్చాయి, అంతే. ఉత్తరాన కొండకు పడవ కట్టుకుని మనువు ఒక్కడే మిగిలాడు. నెయ్యి, పెరుగు నీళ్లలో వేల్చాడు, అందులోంచి ఇడ పుట్టింది. యజ్ఞంలో ఇడాభాగం ఎందుకుందో చెప్పడానికి ఆ బ్రాహ్మణం ఈ కథను వాడుకుంది. మహాభారతంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పేసరికి చేప నేను బ్రహ్మనంటుంది, పడవలోకి ఏడుగురు ఋషులూ సకల విత్తనాలూ చేరాయి. పురాణాల్లో చేప విష్ణువైంది. చేపపిల్ల కుండలో పెరిగినట్టే కథా ప్రతి గ్రంథంలో పెరిగింది. గ్రంథం తన అవసరం కొద్దీ దానికి నీళ్లు పోసింది.

ఇది మనకొక్కరికే జరగలేదు. 1872 డిసెంబరు 3న లండన్‌లో జార్జ్ స్మిత్ అనే ఆయన నీనెవె తవ్వకాల్లో దొరికిన మట్టి పలకను చదివి వినిపించాడు. నోట్ల అచ్చులు చెక్కే పనినుంచి బ్రిటిష్ మ్యూజియంకు వచ్చి, క్యూనిఫాం లిపి సొంతంగా నేర్చుకున్న మనిషి. సభలో ప్రధాని గ్లాడ్‌స్టన్ కూడా కూర్చున్నాడు. పలకమీద ఉన్నది గిల్గమేషు కావ్యంలోని ఉత్నపిష్తిం కథ. పడవ, కీలు పూత, జంతువులు, కొండమీద ఆగడం, పక్షుల్ని వదిలి నేల తేలిందేమో చూడడం అన్నీ బైబిల్లో నోవహు కథలో ఉన్నట్టే ఉన్నాయి. ఆ పలక మొదటిసారి చదివినప్పుడు స్మిత్ ఆనందం పట్టలేక గదిలో పరుగులు తీస్తూ బట్టలు విప్పడం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది.

అంతకంటే పాతదైన బాబిలోను అత్రహాసీసు కథలో దేవుడికి కోపం ఎందుకొచ్చిందంటే, మనుషులు పెరిగిపోయి గోల చేస్తుంటే నిద్ర పట్టక. ఆదికాండంలో ఆ గోల పోయి మనుషుల చెడుతనం వచ్చింది, ఆఖర్న ఇంద్రధనుస్సు సాక్షిగా ఒడంబడిక వచ్చింది. పాత కథకు కొత్త న్యాయం కుట్టారు. పక్షుల ముచ్చట చూస్తే బాబిలోను, బైబిలు కథలకు చుట్టరికం ఉందని ఒప్పుకోక తప్పదు. మన చేప మాత్రం ఆ బంధువర్గంలో అంత తేలిగ్గా కలవదు. మన దగ్గర పక్షులు లేవు, వాళ్ల దగ్గర పడవ లాగే చేప లేదు. అన్నీ ఒకే వరద జ్ఞాపకాలనేవాళ్లతోనూ, అన్నీ ఒకరినుంచి ఒకరు ఎత్తుకున్నవేననేవాళ్లతోనూ నాకు పేచీ అక్కడే.

పెద్దాయనకు ఇవన్నీ చెప్పలేదు. ఒక్కటి మాత్రం చెప్పాను. 2014లో ఇర్వింగ్ ఫింకెల్ అనే మ్యూజియం పండితుడు దాదాపు 3,700 ఏళ్లనాటి బాబిలోను పలక గురించి పుస్తకం వెలువరిస్తే, అందులో ప్రళయపు పడవ గుండ్రంగా ఉందట. తాళ్లు పేని, కీలు పూసి, సుమారు 70 మీటర్ల అడ్డంతో. ఆ లెక్కల ప్రకారం చిన్న నమూనాను కేరళలో కట్టి నీళ్లమీదికి దించారు కూడా. “గుండ్రంగానా? అది మన పుట్టే కదప్పా!” అన్నాడాయన వెంటనే. తుంగభద్రమీద జాలర్లు తిప్పే పుట్టిని చూసినవాళ్లు ఎవరైనా అదే అంటారు. దానికి ముందూ వెనకా ఉండదు, ఎటూ పోవాల్సిన పని లేనప్పుడు తేలుతూ ఉండటానికి అంతకు మించిన పడవ లేదు.

పెనుకొండ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఈ కొండ కింద వేర్వేరు మతాల నీళ్లకథలు నడిచిపోయేంత దూరంలో ఉంటాయి. పచ్చె పార్శ్వనాథుడి బసదిలో పచ్చరాతి తీర్థంకరుడు పాముపడగ కింద నిలబడి ఉంటాడు. ధ్యానంలో ఉన్న పార్శ్వనాథుడిమీద పూర్వజన్మ పగతో కమఠుడు కుండపోత వాన కురిపిస్తాడు. నీళ్లు ముక్కుదాకా వచ్చినా ఆయన కదలడు. నాగరాజు ధరణేంద్రుడు వచ్చి పడగ పడతాడు. భాగవతంలో తాడైన పాము ఇక్కడ గొడుగైంది. మునుగుతున్నవాడు చోటు కదలకపోవడం నేను చదివిన వరద కథల్లో ఇదొక్కచోటే చూశాను.

బాబయ్యస్వామి దర్గా దగ్గర టీ తాగుతూ కొండవైపు చూస్తే ఖురానులో నూహు అని పిలిచే నోవహు కొడుకు గుర్తొచ్చాడు. బైబిల్లో నోవహు కొడుకులు ముగ్గురూ ఓడెక్కుతారు. ఖురాను హూద్ అధ్యాయంలో ఒక కొడుకు తండ్రి పిలిచినా రాడు, కొండెక్కి బతుకుతానంటాడు. ఇద్దరి మధ్యకీ అల వస్తుంది. తర్వాత ఓడ జూదీ కొండమీద ఆగాక, తండ్రి ఆ కొడుకు కోసం దేవుణ్ణి అడుగుతాడు. ప్రళయ కథలన్నిటిలో నాకు గుండె పట్టేసే చోటు అదే.

ఇక పెనుకొండ సొంత కథ రాతిమీద ఉంది. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న గౌరిబిదనూరు ప్రాంతపు 1388 నాటి శాసనం, పెనుకొండకు నీళ్లు తేవడానికి సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుడు సిరువేర చెరువుకు కాలువ తవ్వించిన సంగతి చెబుతుంది. చైనా పురాణంలో గున్ కట్టలు కట్టి వరదను ఆపబోయి ఓడిపోతాడు. కొడుకు యూ కాలువలు తవ్వి నీళ్లకు దారి చూపిస్తాడు, రాజవుతాడు. మన యూ రాజు కాలేదు, శాసనంలో పేరు మిగిలింది. అదీ తక్కువేం కాదు.

ధర్మవరంలో పట్టుచీరల దుకాణాల మధ్యనుంచి బస్సు మారడం తప్ప ఏమీ చేయలేదు. చెరువు కట్ట దూరంనుంచి చూశానంతే. నా ధ్యాస అంతా అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రంమీద ఉంది.

ఆ చెరువును విజయనగర బుక్కరాయల కాలంలో, 1364 ప్రాంతంలో చిక్కప్ప ఒడెయరు కట్టించాడని చరిత్ర. కథేమో, ఒక వానకు కట్ట తెగబోయింది. ఊళ్లో బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తే కట్ట నిలుస్తుందని దైవవాక్కు వినబడింది. ఆమె అత్తమామలకు మొక్కి, మొగుడి దగ్గర సెలవు తీసుకుని గండిలోకి నడిచింది. కట్ట నిలిచింది. బ్రౌన్ దొర సేకరించిన అనంతపురం చరిత్రలోని ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉండగా 1899లో ‘ముసలమ్మ మరణము’ పేరుతో కావ్యం చేశాడు. కన్నడ దేశంలో ‘కెరెగె హార’ పాటలో భాగీరథి కథా ఇదే, కాకపోతే అక్కడ చెరువులో నీళ్లు పడక చిన్నకోడలిని బలిస్తారు. నీళ్లు ఎక్కువైనా కోడలే, తక్కువైనా కోడలే.

గ్రంథాల్లో ఒక కుటుంబం బతికి లోకమంతా మునుగుతుంది. ఇక్కడ లోకమంతా బతికి ఒక్క మనిషి మునిగింది. కట్టమీద నడుస్తున్నంతసేపూ నన్ను వెంటాడింది ఇదే. ఆమె ఇష్టపడే వెళ్లిందని కథ పదేపదే చెబుతుంది. ఆమె ఇష్టపడిందని నమ్మడం మిగిలినవాళ్లకు ఎంత అవసరమో అందులోనే తెలుస్తుంది. పైగా కట్టలు ఎందుకు తెగుతాయో ఆ కాలంవాళ్లకు తెలియక కాదు. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369లో వేయించిన శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెబుతుంది: కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, నడిమధ్య మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. దేవత అలిగిందన్న మాట ఆ ఆరింటిలో లేదు. బుక్కరాయసముద్రం కట్టిన అయిదేళ్లకే, అదే రాజవంశంలో, ఇంత లెక్క తెలిసినవాళ్లున్నారు.

కట్టమీద ఒకామె పల్లీలు వేయించి అమ్ముతోంది. పొట్లం కట్టించుకుంటూ అడిగాను.

“ఏడుమంది కోడళ్లుంటే చెరువు చిన్నదాన్నే ఎందుకు అడిగిందంటావమ్మా?”

“ఎదురు సెప్పదని అడిగింటాది సామీ.” చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. అంతటితో వదల్లేదు. “ఇప్పుడు గనక కట్ట తెగితే కోడల్ని అడగదులే. కంట్రాక్టర్ని అడుగుతాది. వాడొస్తాడో రాడో సూడాల!”