మా పక్షుల పట్టిక

ప్రతి సంవత్సరము జనవరి 1వ తేదీన మేము అన్నదమ్ములము ఇరువురము ఒక క్రొత్త నోటుపుస్తకము తెరచి, ఆ యేడు కంటబడిన పక్షుల పేర్లును, అడవిజంతువుల పేర్లును తేదీతో వ్రాయ మొదలిడుదుము. మొదటి పేరు ఎల్లప్పుడును కాకియే! గోరువంక, పాలపిట్ట, ముంగిస వెంటనే చేరును. పిమ్మట పుటలు మెల్లగా నిండును.

మాది గంజాం జిల్లా. చిలికా సరస్సులో వానకాలమున మునిగి, శీతకాలమున తేలు నలబణ దీవి కలదు. హిమాలయములను దాటి పట్టెతల బాతులు అచటికి వచ్చును. తలపై రెండు నల్లని పట్టెలు గల ఆ బాతులను చూచిన దినము మాకు పండుగ.

గత డిసెంబరు చివర మా లెక్క 59 వద్ద నిలిచినది. అంతకు ముందటి యేడు 60! మునిమాపువేళ చెరువుగట్టున ఏదియో నీడవలె ఎగిరిపోగా, గుడ్లగూబ యని వ్రాసికొంటిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేము చూచినవి రెక్కలు మాత్రమే. గబ్బిలమైనను కావచ్చును, అది సెప్టెంబరులోనే పట్టికకు ఎక్కినది.

మరునాడు పుస్తకము చూపగా తాతగారు, "ఏమిరా, ముఖము చూచితిరా?" అని మాత్రమే అడిగిరి. మేము మారు పలుకక ఆ పేరు కొట్టివేసితిమి.

మార్చిలో మఱ్ఱితొఱ్ఱ నుండి ఒక గుడ్లగూబ మమ్ము తేఱిపార చూచినది. అది ఈ యేటి లెక్కకే చేరినది. నిరుటి పుస్తకమున ఆ కొట్టివేత అట్లే యున్నది.